అవ్వకు నేను వేసిన మార్కులు

ఒళ్ళు బాగుచేసుకుందామని మొదలుపెట్టి, నాకు పనిచేస్తున్న ఒకే ఒక్క వైద్యాన్ని నా చేతులతో నేనే ఇంట్లోంచి సాగనంపాను. ఊరికే కూడా కాదు. మార్కులు వేసి, కారణం రాసి, ప్రింటు తీసి మరీ సాగనంపాను. ఎలాగో చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి, నాకు అలవాటయింది.

ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. మూడేళ్ళు తప్పులు పట్టీ పట్టీ చివరికి నా ఒళ్ళే మొరాయించింది. కడుపులో మంట, గుండెదడ, నిద్ర లేదు. పెద్దాసుపత్రిలో అన్ని పరీక్షలూ చేసి, "ఏమీ లేదు, టెన్షన్. కొన్నాళ్ళు సెలవు పెట్టండి" అన్నారు. ఏమీ లేదని చెప్పడానికి అన్ని పరీక్షలెందుకని మా అమ్మ గొణిగింది గానీ, పరీక్షలంటే నాకు గౌరవం.

సెలవు పెట్టి పురసవాక్కంలో ఒక ప్రకృతి వైద్యురాలి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చీటీ మీద నాలుగే రాశారు: పొట్టమీద మట్టి పట్టీ, వేడినీళ్ళలో పాదాలు, బూడిద గుమ్మడికాయ రసం, భ్రామరి ప్రాణాయామం. కింద గీత గీసి "తొందరపడకండి" అని కూడా రాశారు. నాలుగంటే నాలుగింటితో జబ్బు తగ్గుతుందంటే ఏ ఇంజినీరు నమ్ముతాడు? ఇంటికొచ్చి వీడియోలు చూసి ఆ నాలుగింటినీ పదిహేడు చేశాను. ఒక్కోదానికి ఒక అలారం. ముందొకసారి, తర్వాతొకసారి స్మార్ట్ వాచ్‌లో నాడి చూడడం, ఎక్సెల్‌లో పదికి ఇన్ని అని మార్కులు వేయడం. నాడి తగ్గితే మంచి మార్కులు, పెరిగితే సున్నా. ఆఫీసులో కూడా నేనింత పని చేయలేదు.

వాషర్‌మెన్‌పేట్‌లో మాది పాత ఇల్లు. పైన మేము, కింద అద్దెకు సెల్వి అక్క. మొదటి రోజు పొద్దున్నే చెవులు మూసుకుని, తుమ్మెదలాగా భ్రామరి రాగం అందుకున్నానో లేదో, కిందినుంచి కేక వినబడింది.

"తణ్ణీ వరలే, మోటార్ ఆఫ్ పణ్ణుంగ!"

అరవంలో, నీళ్ళు రావడం లేదు, మోటారు ఆపమని.

"మోటారు కాదు సెల్వీ, మావాడు," అంది అమ్మ వంటింట్లోంచి.

సెల్వి అక్క కాసేపు ఆలోచించింది. "అయితే వాణ్ణి ఆఫ్ పణ్ణుంగ."

అంతటితో నేను ఆగలేదు. పాదాలు బకెట్లో ఉండగానే మట్టి పట్టీ అలారం మోగేది. మట్టి ఆరకముందే రసం అలారం. అలారం మోగినప్పుడల్లా ఉలిక్కిపడేవాణ్ణి. టెన్షన్ తగ్గించుకోవడానికి రోజుకు పదిహేడుసార్లు ఉలిక్కిపడే పద్ధతి కనిపెట్టిన ఘనత నాదే.

ఈ గొడవేదీ పట్టని మనిషి మా అవ్వ, నాయనకు అమ్మ. నేను జబ్బు పడినప్పటినుంచి సాయంత్రం ఆరింటికి నన్ను కింద కూర్చోబెట్టి, గోరువెచ్చటి నువ్వులనూనె మాడుకు అద్దేది. నా జాబితాలో అది పద్దెనిమిదోది, "ఇతరములు". నూనెతోపాటు కథ కూడా ఉండేది. ఎక్కువసార్లు ఒకటే కథ: జార్జి టౌన్‌లో మా కాగితాల కొట్టు పెట్టిన కొత్తలో తాత చేసిన ప్రయాణం.

"మీ తాత తోపుడుబండి మీద కాగితం కట్టల మధ్యలో నిద్రపోయినాడు. బండాయన చూసుకోలా. పైన పట్టా కప్పి, తాడేసి కట్టి, ఈడదాకా తోసుకొచ్చి, సరుకు వచ్చింది, సంతకం పెట్టమన్నాడు."

"ఎవరు పెట్టారు?"

"నేనే. పట్టా తీసి చూసి, సరుకు చెమటకు తడిసుండాదని రాసి పెట్టినా."

ఎన్నిసార్లు విన్నా పడీపడీ నవ్వేవాణ్ణి. నవ్వు ఆపుకుంటూ వాచ్ చూసుకునేవాణ్ణి.

"ఏందిరా అది, ఊరికే చెయ్యి చూసుకుంటా ఉండావు?"

"నాడి, అవ్వా. నీ నూనెకు ముందు డెబ్బై ఆరు, తర్వాత నూటనాలుగు."

"అంటే బాగుండాదా?"

"పెరగకూడదు."

రెండు వారాలకు ఫలితాలు ప్రింటు తీశాను. అవ్వకు ఇంగ్లీషు రాదు. "చదివి చెప్పరా," అంది. చదివాను. ఇప్పుడు తలుచుకుంటే నాలుక కోసుకోవాలనిపిస్తుంది గానీ, ఆరోజు మొదటినుంచి చివరిదాకా గొంతెత్తి చదివాను.

"పద్దెనిమిదిట్లో నాది ఎన్నోది?"

"పద్దెనిమిదోది."

"ఆ గుమ్మడికాయ రసం?"

"రెండోది."

"దాన్ని ముక్కు మూసుకుని తాగతావు కదరా."

"ఇష్టం వేరు, ఫలితం వేరు అవ్వా. నీది మానేద్దాం."

"సెరి," అంది. నూనెసీసాకు మూత పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడు, నాలుగు దినాలు కూతురింట్లో ఉండొస్తానని పురసవాక్కంలోని మా అత్త ఇంటికి వెళ్ళింది. సీసా కూడా తీసుకెళ్ళింది.

నాలుగు దినాలు మూడు వారాలయ్యాయి. పదిహేడు అంశాలూ ఒక్కటి తప్పకుండా చేస్తున్నాను. కాస్త తగ్గిన గుండెదడ తిరిగొచ్చింది. కడుపులో మంట దాని వెనకే వచ్చింది. షీటు పట్టుకుని వైద్యురాలి దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ చివరి వరుస దగ్గర ఆగారు.

"దీన్ని ఎందుకు కొట్టేశారు?"

"నాడి పెరుగుతోంది మేడమ్."

"తలకు నూనె పెడితేనా?"

"నూనెకు కాదు. అవ్వ కథ చెబుతుంది. నవ్వుతాను."

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. "మిగతా పదిహేడింటిలో ఎప్పుడైనా నవ్వారా?"

"దానికి కాలమ్ పెట్టలేదు మేడమ్."

"నిద్ర ఎప్పుడు బాగా పట్టింది?"

చూశాను. అవ్వ నూనె పెట్టిన రోజుల్లో తొమ్మిదిన్నరకల్లా నిద్రపోయాను. ఆ వివరం నా షీటులోనే ఉంది. నాడి పక్క కాలమ్‌లో, నేను స్వయంగా నింపిందే. తప్పులు పట్టడం నా వృత్తి అని ముందే మనవి చేశాను.

అటునుంచి అటే అత్త ఇంటికి వెళ్ళాను. హాల్లో అవ్వ కుర్చీలో ఉంది. ఆమె ముందు ఒకావిడ తల వంచుకుని నవ్వుతోంది. వెనక మరో నలుగురు ఆడవాళ్ళు, అంతా ఆ అపార్ట్‌మెంటు వాళ్ళే, వంతు కోసం కూర్చుని ఉన్నారు. అవ్వ నన్ను చూసి అత్తను పిలిచింది.

"ఎవరో సరుకు దించి పోయినారు, చూడు."

"ఇంటికి పోదాం రా అవ్వా."

"ఈడ పని ఉండాదిరా. దినామూ ఐదుమంది వస్తారు. ఒక్కరూ చెయ్యి చూసుకోరు."

"తప్పయిపోయింది అవ్వా."

"నీ తప్పేముందిరా. పరీక్ష పెట్టినావు, నేను ఫెయిలైనా."

ఆ మాట నవ్వుతూ అనలేదు. నేను వాచ్ విప్పి జేబులో వేసుకున్నాను. అవ్వ చెయ్యి చాచింది. జేబులోంచి తీసి ఇచ్చాను. అత్తకు అందించి, "బీరువాలో పెట్టు," అంది. తర్వాత నా వైపు తిరిగి, "కూర్చో. నీది ఆరో నంబరు."

కూర్చున్నాను. నా వంతు వచ్చేసరికి చీకటి పడింది. మాడుమీద గోరువెచ్చటి నూనె, తోపుడుబండి, కాగితం కట్టలు, పట్టా. సంతకం దగ్గర అవ్వ ఆగింది, నేను అడగాలి కదా. అడిగాను.

"ఎవరు పెట్టారు?"

"నేనే," అంది అవ్వ.

ఆ క్షణంలో నా నాడి ఎంతో నాకు తెలియదు. బీరువాకు తెలుసేమో.

అవ్వ ఇంకా ఇంటికి రాలేదు. ఆఫీసుకు వెళ్తున్నాను, మేడమ్ చెప్పిన నాలుగూ అలారం లేకుండా చేస్తున్నాను, సాయంత్రం బస్సెక్కి పురసవాక్కం వెళ్ళి వరుసలో కూర్చుంటున్నాను. నిన్న ఆ ఐదుగురు ఆడవాళ్ళ సాక్షిగా, అత్త వంటింట్లోంచి తెచ్చిన బూడిద గుమ్మడికాయ మీద చెయ్యివేసి, ఈ జన్మలో నన్ను నవ్వించే మనిషికి మార్కులు వేయనని ప్రమాణం చేశాను.

అవ్వ నా మాడుమీద ఇంకో చుక్క నూనె అద్దింది.

"సెరి," అంది. "రేపట్నించి ఐదో నంబరు."