బకెట్ల కేక మీద నా హక్కుల పోరాటం

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం మాత్రం రాని ఆ రోజుల్లో, మనిషికి తన మీద తనకుండే గౌరవం కొండంత, దానికి ఆధారం గోరంత. నాకున్న ఆధారం నా గొంతు. హిందూపురంలో మా మామ (అమ్మకు తమ్ముడు) ట్రాలీ ఆటోలో ప్లాస్టిక్ బకెట్లు పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేవాడు. అరిచి అరిచి ఆయన గొంతు పోయాక ఆటోకి మైకు కట్టించి, నా చేత ఫోన్‌లో కేక రికార్డు చేయించాడు. ‘రావమ్మా తల్లీ, రాయేసి కొట్టినా పగలని బకెట్టు, మీ మనవరాలు కూడా వాడుకునే బకెట్టూ...’ అని చివర్న ఒక దీర్ఘం. సరిగ్గా ఆ దీర్ఘంలోనే వంటింట్లోంచి మా అవ్వ, ‘పాలు పొంగిపోతాండాయి, ఆ అరుపు చాలించి పొయ్యి ఆపురా!’ అంది. అదీ ఎక్కిపోయింది. మళ్లీ చేద్దామంటే మామ వద్దన్నాడు, ఇంటి మనిషి గొంతుంటే ఆడవాళ్లకు నమ్మకమట. నిజంగానే నవ్వుకుంటూ తలుపులు తీసేవాళ్లు. నేను మాత్రం నా దీర్ఘానికే తీస్తున్నారనుకునేవాణ్ణి.

ఒకరోజు మామ పెనుకొండకు పోతే, ఒకావిడ ఒక చేత్తో బకెట్టు, ఇంకో చేత్తో దాని పిడి పట్టుకుని ఆటోకి అడ్డం నిలబడింది. “ఏమప్పా, రాయేసి కొట్టినా పగలదంటివే, నీళ్లు పోస్తేనే ఊడిపాయె!” ఆ బకెట్టు తను అమ్మింది కాదని మామ మొత్తుకున్నా ఆమె వినలేదు. “మైకులో గొంతు ఇదే కదా? పాలు పొంగే ముసలామె కూడా ఈమే కదా?” అంది. ఆరా తీస్తే, నల్లద్దాలు పెట్టుకునే ఒకాయన మా రికార్డును ఎవరి దగ్గరో ఎక్కించుకుని, అదే కేకతో పిడి నిలవని బకెట్లు పెనుకొండంతా అమ్ముతున్నాడు. మామ ఆరోజు అన్నం ముట్టలేదు. “యాపారం పోతే పోనీరా, మోసగాడు అనిపించుకుంటి కదా” అన్నాడు. నా కడుపు మండిపోయింది. (నిజం చెప్పాలంటే సగం మామ కోసం, సగం నా దీర్ఘం కోసం.)

ఫోన్‌లో రెండు వీడియోలు చూసి కాపీరైటు చట్టమంతా ఔపోసన పట్టేశాననుకుని, మరునాడే ఒక వకీలు గుమాస్తా దగ్గరికి పోయాను. ఆయన తల కూడా ఎత్తకుండా, “కోర్టులో ఓడినోడు ఆడనే ఏడిస్తే, గెలిచినోడు ఇంటికి పోయి ఏడ్చినాడంట. పోయి మాట్లాడుకోండప్పా” అన్నాడు. అయినా నేను తగ్గలేదు. ‘సదరు కేక’, ‘సదరు దీర్ఘం’ అంటూ నాలుగు పేజీల నోటీసు నేనే రాసి, సాక్షిగా అవ్వను బకెట్ల మధ్య కూర్చోబెట్టి, మామ ఆటోలోనే పెనుకొండకు దండయాత్ర బయల్దేరాను.

నల్లద్దాలాయన బస్టాండు పక్క టీ అంగడిలో దొరికాడు. నోటీసు మొత్తం ఓపిగ్గా విని, “గాల్లో పొయ్యే మాటకు ఓనరు యాడుంటాడబ్బా?” అన్నాడు. నేను రికార్డు వినిపించి, “ఈ పాలు పొంగే గొంతు ఎవరిది? మా అవ్వది. సాక్షి ఈడనే ఉండాది!” అన్నాను. ఆయన అద్దాలు తీసి అవ్వను చూసి చేతులు జోడించాడు. గెలిచేశాననుకున్నాను. అప్పుడు అవ్వ నోరు విప్పింది. “అరిచింది నేనే నాయనా. కానీ ఆ కేక వీనిది కాదు. మేం ఓబులదేవరచెరువులో ఉన్నప్పుడు ఉప్పమ్మే ముసలాయప్ప ఇట్లనే లాగి లాగి అరుస్తా ఉండె. వీడు ఉప్పు తీసి బకెట్టు పెట్టినాడు, అంతే.”

అంగడంతా గొల్లుమంది. నేను నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాను. మామ ఒక్కడే నవ్వలేదు. “కేక ఎవురిదన్నా కానీ. పిడి ఊడితే తిట్లు నాకు వస్తాండాయి. దానికేం చెప్తారు?” అన్నాడు మెల్లగా.

తీర్పు అవ్వే చెప్పింది. నల్లద్దాలాయన కేక వాడుకోవచ్చు, కానీ బకెట్లు ఎవరివో అందులోనే చెప్పాలి. “లేదంటే రేపట్నుంచి నీ ఆటోలోనే కూచుంటా, వీధివీధినా నేనే చెప్తా” అంది. ఆయన ఠక్కున ఒప్పుకుని, స్వయంగా అరవబోతే టీ అంగడిలో చంటిపిల్ల జడుసుకుని ఏడ్చింది. ఇంకేముంది, నేనే, నేను దావా వేయబోయిన మనిషి కోసం, అక్కడే నిలబడి, ఆయన ఫోన్లోకే అరిచాను. ‘ఇవి పెనుకొండ బకెట్లమ్మా! హిందూపురం మామవి కాదు! పిడి ఊడితే మామను తిట్టొద్దూ...’ దీర్ఘం మాత్రం తగ్గించలేదు. ఆ రికార్డు వచ్చాక ఆయన బకెట్లు ఇంకా ఎక్కువ అమ్ముడుపోయాయి. ఇంత నిజం మాట్లాడే అంగడివాణ్ణి పెనుకొండ అదివరకు చూడలేదట.

ఇప్పుడు మామ మోకాళ్ల నొప్పులతో ఇంటి పట్టునే ఉన్నాడు. నేను ధర్మవరంలో గుమాస్తాను. పోయిన నెల మా వీధిలోకి వెల్లుల్లి అమ్మే ఆటో ఒకటి వచ్చింది. ఎవరో వెల్లుల్లి ధర చెప్పాక, మైకులో నా పాత గొంతు: ‘పిడి ఊడితే మామను తిట్టొద్దూ...’ నేను పరుగెత్తి ఆటో ఆపి, “ఆ గొంతు నాది తమ్ముడూ” అన్నాను. అతను నన్ను కిందినుంచి పైదాకా చూసి, “ఊరుకో సార్, అది వయసు పిల్లోని గొంతు” అన్నాడు.

“సరే, వెల్లుల్లికి పిడేందప్పా? ఆ మామ ఎవరు?”

“ఏమో సార్, దాంట్లో అట్లనే వచ్చాది. ఎవురో మామ. మంచోడై ఉంటాడు.”

అరకిలో వెల్లుల్లి తీసుకుని, మామకు ఫోన్ చేసి, ఆటో వీధి మలుపు తిరిగేదాకా ఆ ఫోన్‌ను చెయ్యెత్తి పట్టుకుని నిలబడ్డాను.