ప్రయాణాల్లో ఉన్నవారి పేర్లు

అప్పట్లో రోజూ తాడేపల్లిగూడెం నుంచి బస్సులో వెళ్ళి గణపవరం దగ్గర ఓ ఊళ్ళో సోషల్ చెప్పేదాన్ని. రెండువేల మూడో నాలుగో, సరిగా గుర్తులేదు. రెండో ప్రపంచ యుద్ధం పాఠమంటే నాకు మహా ఇష్టం, మా తొమ్మిదో తరగతికి మహా నిద్ర. నేను మ్యాపు వేలాడదీసి గొంతు చించుకుంటుంటే వాళ్ళు కిటికీలోంచి చేపల లారీలు చూసుకునేవారు. నాకసలే ముక్కుమీద కోపం. ఓ రోజు సుద్దముక్క బల్లమీద విసిరికొట్టి, అంతమంది చచ్చిపోతే మీకేమీ అనిపించదా అని అరిచాను.

అప్పుడొక పిల్ల లేచి మెల్లగా చెప్పింది. వాళ్ళ చర్చిలో ప్రతి ఆదివారం ప్రయాణాల్లో ఉన్నవారి కోసం ప్రార్థన చేస్తారట. చేపల లోడుతో వెళ్ళిన డ్రైవర్లు, కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళు, అందరి పేర్లూ చదువుతారట. మొదటి పేరు మాత్రం ఎప్పుడూ ఒకటేనట. చర్చి వెనక వీధిలో ఉండే మామ్మగారి భర్తది. ఆయన వెళ్ళింది ఆ యుద్ధానికేనట.

నా నిద్రమొహాలన్నింటినీ ఆవిడ దగ్గరకు పంపాను. వచ్చేటప్పటికి ఒక్కడికీ నిద్రలేదు. పెళ్ళయిన రెండో ఏడే ఆయన వెళ్ళిపోయారు. బర్మా వైపు గాయపడ్డవారిని మోసే పని. తరవాత ఆచూకీ లేదని ఓ ఉత్తరం వచ్చింది, అంతే. బర్మా ఎక్కడుందో పిల్లలు మ్యాపులో వాళ్ళంతట వాళ్ళే వెతుక్కుంటుంటే ఎంత ముద్దొచ్చారో నాకు. ఆచూకీ లేదంటే ఏంటండీ అని అడిగారు. చదువుకున్నదాన్ని కదా, తడుముకోకుండా చెప్పేశాను: ఇన్నేళ్ళయ్యాక చనిపోయినట్టే అని.

నవంబరులో సమాధుల పండగ వచ్చింది. సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, పోయినవారి పేర్లు చదివే రోజు. ఆయనకు సమాధైనా లేదని పిల్లలకు బెంగ పట్టుకుంది. మామ్మగారికి మాటమాత్రమైనా చెప్పకుండా, పాస్టరుగారి కాగితంలో ఆయన పేరు రాయించేశారు. పాస్టరుగారు చదివేశారు. మామ్మగారు తలెత్తి చూశారట. ఆ వచ్చిన ఆదివారం ప్రయాణాల్లో ఉన్నవారిలో ఆ పేరు లేదు.

సోమవారం ఆవిడ కర్ర ఊతంతో బడికొచ్చారు. ఎనభై దాటిన మనిషి. తప్పు పిల్లలది కాదు నాదేనని, ఆయన వస్తారన్న మీ ఆశ నేనే తుంచేశానని చెబుతూ ఏడ్చేశాను. ఆవిడే నా చెయ్యి పట్టుకుని ఓదార్చారు.

"ఆయన లేరని నాకు తెలీదేంటమ్మా? పోయినవాళ్ళ పేర్లు ఏడాదికోసారే చదువుతారండి. ప్రయాణాల్లో ఉన్నవాళ్ళవైతే ప్రతి ఆదివారం చదువుతారు. పెనిమిటి పేరు నేను నోటితో పలకకూడదు కదండీ. ఎవరో ఒకరు పిలిస్తేనే కదమ్మా నేను వినేది."

బస్సు పోతే పోయిందని, ఆ సాయంత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని పాస్టరుగారింటికి నడిచాను.