గుండర్‌దేహి దారిలో నేను వేసిన నింద

ఈరోజు నేను ఒక మనిషిని ఇరవై మంది ముందు దొంగ అన్నాను. అతను దొంగ కాదు.

ఉదయం ఆరున్నరకు భిలాయి సెక్టర్ 7లో మా ఇంటి ముందు కంపెనీ పికప్ ఆగింది. గుండర్‌దేహి అవతలి రాతి క్వారీ వాననీటితో నిండి పని ఆగిపోయింది. అక్కడికి పంపు మోటారు చేర్చాలి. నేను ఆ కాంట్రాక్టు కంపెనీలో ఇంజనీరుని. డ్రైవరు అప్పలస్వామి శ్రీకాకుళం వైపు వాడు, ఏడేళ్లుగా రోజుకూలీ.

మొన్న విశ్వకర్మ పూజకి మా కంపెనీ షెడ్డులో బళ్లన్నిటికీ రంగులు వేశారు. ఈ బండి చక్రాలకి వెండిరంగు వేయించింది నేనే.

"బాబూ, ముందు చక్రాల హబ్బుల మీద రంగు మందంగా పడిపోనాది. ఓపాలి గోకి సూసి బయల్దేరుదుమా?"

"పూజ రంగు నాలుగు రోజులైనా ఉండనివ్వవా? పద."

ఏడున్నరకు దుర్గ్‌లో అటుకుల పోహా, చాయ్. గుండర్‌దేహి దాటేవరకు తారురోడ్డు బాగానే ఉంది. తొమ్మిదిన్నరకు మట్టిదారి పట్టాం. కాస్త దూరం వెళ్లగానే వెనక చక్రాలు బురదలో దిగాయి. అప్పలస్వామి ఫోర్‌వీల్ లివర్ వేశాడు, నాలుగు చక్రాలూ తిరగాలని. వెనక చక్రాలు బురద చిమ్మాయి, ముందువి కదలలేదు. అతను గుడ్డ పట్టుకుని కిందికి దిగాడు.

పోయిన వారమంతా బండి అతని దగ్గరే ఉంది. లోపలి సామాను తీసి అమ్మేశాడని నేను అక్కడికక్కడే తేల్చేశాను. సీట్లోంచి దిగకుండానే అరిచాను.

"గేర్‌బాక్సులోంచి ఏం తీశావ్? ఎవడికమ్మావ్?"

"ఏటి బాబూ ఆ మాట? ఆ హబ్బులు..."

"బండి ముట్టుకోకు, దొంగవెధవా!"

పని ఆగి దారి పక్కన కూర్చున్న క్వారీ కూలీలంతా వింటున్నారు. అతను చేతిలోని గుడ్డ బానెట్ మీద పెట్టి, దూరంగా వెళ్లి నిలబడ్డాడు.

మెకానిక్కు కోసం బయల్దేరితే, పదింబావుకి రోడ్డు మీద గుండర్‌దేహి బస్సు దొరికింది. పక్క సీట్లో సెక్టర్ 2లో ఉండే కాకినాడ నర్సమ్మ. నా కోపమంతా ఆవిడకి చెప్పాను.

"అమ్ముతుంటే మీరు చూశారాండి?"

"చూడక్కర్లేదు."

ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయింది. ఊళ్లో దిగగానే ముందు భిలాయి ఆఫీసుకి ఫోను చేసి, హాజరుపట్టీలోంచి అప్పలస్వామి పేరు కొట్టెయ్యమన్నాను. మెకానిక్కుని వెతికింది ఆ తర్వాత!

మెకానిక్కు నన్ను స్కూటరు మీద ఎక్కించుకొచ్చి, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, కిరసనాయిలు గుడ్డతో హబ్బు రుద్దాడు. రంగు కింద అక్షరాలు తేలాయి.

"దేఖో సాబ్, ఫ్రీ మే హై."

హబ్బు మూత 'ఫ్రీ'లో ఉంది; దాన్ని చేత్తో తిప్పి 'లాక్'లో పెడితేనే ఇంజను బలం ముందు చక్రాలకి అందుతుంది. రంగు ఎండి మూత బిగుసుకుపోయింది. రెండు వైపులా పట్టకారుతో తిప్పాడు. పన్నెండున్నరకు బండి బయటపడింది.

"ఏ పెయింట్ కిస్ గధే నే మారా?" అని నవ్వాడు. ఆ రంగు వేయించిన గాడిద నేనేనని ఒప్పుకున్నాను.

ఇలాంటి బండిలో ఆ దారిన వెళ్లేవారు ముందు దిగి రెండు హబ్బులూ చూసుకోండి. మోకాలు వంచితే కనిపించేదే. నేను చదివిన ఇంజనీరింగు నా మోకాలు వంచలేకపోయింది! బండి నడిస్తే ఇంజనీరు గొప్ప, ఆగితే డ్రైవరు దొంగ. మా షెడ్డులో ఎన్నాళ్లుగానో నడుస్తున్న ఈ పద్ధతిని నడిపించినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

క్వారీలో మోటారు దింపాక, ఆ కూలీల ముందే తప్పు నాదని చెప్పాను. అప్పలస్వామి మోటారు కట్టిన తాళ్లు చుట్టి బండిలో పడేశాడు. తిరుగు ప్రయాణానికి రెండున్నర గంటలు పట్టింది.

ఐదింటికి షెడ్డు చేరేసరికి అతని పేరు కొట్టేసి ఉంది. గుమస్తా అతని దగ్గర బండి తాళాలు తీసేసుకున్నాడు. రంగు నాది, నింద నాది అని కాగితం రాసి, మేనేజరు ఎంత విసుక్కున్నా కదలకుండా నిలబడి, పేరు మళ్లీ ఎక్కించాను. ఈలోగా అతను ఇంటికి వెళ్లిపోయాడు.

సైకిలు మీద అతను ఉండే కోహ్కా బస్తీకి వెళ్లాను. దొంగ అన్న మాట నాకంటే ముందే అక్కడికి చేరింది. అతని భార్య గుమ్మంలో నిలబడింది, కూర్చోమనలేదు.

"తప్పు నాదేనమ్మా. అతను ఏమీ తియ్యలేదు. రేపట్నుంచి పనిలోకి రమ్మను."

"గట్టిగా సెప్పండి బాబూ. పక్కింటోల్లకి ఇనబడాల."

గొంతు పెంచి చెప్పాను.

"ఆల్లకి తెలుగు రాదు."

వీధి మధ్యకి వెళ్లి, హిందీలో మళ్లీ చెప్పాను.