సైలెన్సరులో గూడు

మొన్న అనంతపురంలో మా కారు సర్వీసుకిస్తే, అక్కడ పనిచేసే అమ్మాయి చిన్న మిషనొకటి తగిలించి చూసి, "గూడు పోయింది పెద్దాయనా, మార్చాల" అనింది. పొగలోని విషాన్ని విరిచే ఆ సామానుకు నోరు తిరగని ఇంగ్లీషు పేరొకటి ఉంది గానీ, మా వైపు మెకానిక్కులకు అది గూడే. ఆ పేరు ఎవరి నిర్వాకమో ఆ అమ్మాయికి తెలియదు, నేనూ చెప్పలేదు.

బత్తలపల్లెలో నాకు షెడ్డున్న రోజులవి. జీపులూ ట్రాక్టర్లూ విప్పి బిగించిన చేతులకు కొత్తరకం పెట్రోలు కార్లు అప్పుడప్పుడే తగులుతున్నాయి. మా ఊరి బడి అయ్యవారు, ఉబ్బసంతో బాధపడే భార్యకు ఆయాసం ఎత్తుకున్నప్పుడు బస్సు కోసం కాచుకోకుండా అనంతపురం ఆసుపత్రికి చేర్చుకోవచ్చని, అలాంటిదే ఒకరు వాడి అమ్మేసిన కారొకటి కొన్నారు. అది మిట్ట ఎక్కలేక మొరాయిస్తే నా దగ్గరికి తెచ్చారు. సైలెన్సరు విప్పితే, గొట్టం మధ్యనున్న డబ్బాలో మట్టిరంగు గదులు సన్నసన్నగా, మసితో పూడుకుపోయి కనిపించాయి. కదలకుండా నిలబెట్టిన బండ్లలో కందిరీగలు మట్టిగూళ్లు పెట్టడం మాకు మామూలే గనక, గడ్డపారతో పొడిచి దులిపేసి, జాయింటులోంచి పొగ కారకుండా వేసే ప్యాకింగు పాతదే వేసి బిగించాను. కారు ఉరికింది. నాలుగు రోజులు టీ బంకు దగ్గర ఆ గొప్పే చెప్పుకున్నాను, సిగ్గులేకుండా.

వారం తిరక్కుండానే అయ్యవారు నడిచి వచ్చారు. "ఏమప్పా, బండికి ఏం చేసినావు? ఆ గబ్బుకు మా ఇంటామెకు ఊపిరాడలేదు. దావలో దించి బస్సెక్కించినా" అన్నారు. ఆయన అరవలేదు, అరిచి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

నేను దులిపేసిన ఆ గూటి ముక్కలు మూటగట్టుకుని అనంతపురంలో స్పేర్లు అమ్మే ఆయనకు చూపిస్తే, "గూడు కాదన్నా అది! బండి పొగను బాగుచేసేది అదే గదా" అని పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు ఊరంతా పాకి, సామానుకు ఆ పేరే స్థిరపడింది. బెంగళూరు నుంచి కొత్తది తెప్పించి, ప్యాకింగుతో సహా మార్చాను. అయినా నాకు ధైర్యం చాలలేదు. ఎండాకాలం మధ్యాహ్నం, అద్దాలన్నీ ఎత్తేసి, వెనక సీట్లో నేను కూర్చుని, అయ్యవారి చేత అనంతపురం దాకా నడిపించి వెనక్కి వచ్చాను. చెమటతో తడిసి ముద్దయ్యాను గానీ గొంతులో గరగర లేదు. అప్పటిదాకా ఆ కారు ముఖం చూడనన్న అయ్యవారి ఇంటామె, "నువ్వు కూచున్న్యావంట గదా, అయితే నేనూ ఎక్కుతా" అనింది. ఆ మాటతో నా కళ్లు చెమర్చాయి.

మొన్న గూడు మార్చాక నేను అలవాటుకొద్దీ వెనక కూర్చుని అద్దాలెత్తబోతే, "మిషను అంతా సరేనంటాండాది పెద్దాయనా, మీకెందుకు శ్రమ" అనిందా అమ్మాయి. నిజమే, ఆ మిషను నాలాగా గడ్డపార పట్టుకునే రకం కాదు. పని కూడా శుభ్రంగా, గంటలో అయిపోయింది. వెనక సీట్లో కూర్చునేది ఎవరని మాత్రం ఆమె అడగలేదు. అడిగి ఉంటే, ఇప్పుడు ఆయాసం నాకేనని చెప్పేవాణ్ణి.