గట్టి మనిషని రాసుకెళ్లారు

ఇస్త్రీ ఆయనంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు. యాభై రెండేళ్లు వీధి మలుపులో ఉన్న ఒంటిగది కొట్లో నిలబడి ఊళ్లోవాళ్ల ముడతలు తీశాడు. మొదట్లో బొగ్గుల పెట్టెతో, తర్వాత కరెంటు పెట్టెతో. ముందు కాలరు, తర్వాత భుజాలు, ఆ తర్వాత చేతులు, ఆఖర్న ముందుభాగం. ఆ వరస తప్పితే ఆయనకి అన్నం సయించదు. చొక్కా చూసి ఎవరికి ఒళ్లొచ్చిందో, ఎవరు చిక్కిపోయారో, ఎవరికి ఉద్యోగం ఊడిందో చెప్పేయగలడు. చెప్పగలడు గానీ చెప్పడు. ఎంతమంది ఎన్ని రకాలుగా కూపీ లాగినా ఆ నోట్లోంచి ఒక్క కబురు రాలింది లేదు. ఆడవాళ్లకి ఆయన మీదున్న ఫిర్యాదు అదొక్కటే.

ఆయన ఇంటావిడ అలా కాదు. కొట్లో ఆయన పక్కనే పీట వేసుక్కూర్చుని ఊడిన బొత్తాలు కుట్టేది, కుడుతూ ఇద్దరి వాటా కబుర్లూ తనే చెప్పేది. వాళ్లకి పిల్లల్లేరు. మూడేళ్ల కిందట ఒక పొద్దున లేవబోతే ఆవిడ ఎడం కాలూ ఎడం చెయ్యీ మాట వినలేదు. పక్షవాతం అన్నారు. "నోరొక్కటీ వదిలేసింది, అదే పదివేలు," అని ఆవిడే నవ్వింది. ఆయన నవ్వలేదు. వారం తిరక్కుండా కొట్టు మూసేశాడు.

ఆవిడది బరువైన ఒళ్లు. ఆయనకా డెబ్బై ఆరేళ్లు, పైగా కుడి భుజం అరిగిపోయి చెయ్యి చెవి దాకా కూడా లేవదు. ఒక్కడూ ఎత్తి కూర్చోబెట్టడం అయ్యేపని కాదు. అప్పుడెవరో చెబితే పెద్దల సాయం ఆఫీసుకి వెళ్లి కాగితం పెట్టుకున్నాడు. వారానికి మూడు పొద్దులు ఒక మనిషిని పంపించారు. పాతికేళ్ల పిల్ల, చేతులు మాత్రం ఇద్దరు మనుషులవి. ఆవిడకి స్నానం చేయించేది, జుట్టు దువ్వేది, గుమ్మం నుంచి కిటికీ దాకా నాలుగుసార్లు నడిపించేది. "పిన్నీ, ఇవాళ కిటికీయే నీకు దగ్గరికొచ్చింది చూడు," అనేది. ఆవిడ ఆ మూడు పొద్దుల కోసం మిగతా నాలుగూ ఓర్చుకునేది.

ఆ సాయం ఊరికే సాగదు. ఏడాదికోసారి ఆఫీసువాళ్లు ఇంటికొచ్చి నలభై ప్రశ్నలు అడిగి మార్కులు వేస్తారు. బళ్లో అయితే ఎక్కువ చేతనైనవాడికి ఎక్కువ మార్కులు. ఇక్కడ ఎంత చేతకాకపోతే అన్ని మార్కులు. ముప్పై దాటితే మనిషిని పంపుతారు, తగ్గితే ఆపేస్తారు. మొదటి రెండేళ్లు ఎవరూ రాలేదు, కాగితం మీదే కానిచ్చేశారు. మూడో ఏడు మాత్రం ఫలానా రోజు ఆఫీసరమ్మ వస్తుందని కబురొచ్చింది.

ఇక చూడండి ఆయన సంబరం. ఇంటికి ఆఫీసరు రావడమంటే మాటలా? రెండ్రోజుల ముందే ఇస్త్రీ బల్ల తీశాడు. దుప్పట్లు, దిండు గలేబులు, కిటికీ తెరలు, ఆవిడ బట్టలు, ఆఖరికి గిన్నెలు తుడిచే గుడ్డలు కూడా నీళ్లు చల్లి, చుట్టి పెట్టి, పదును చూసి ఇస్త్రీ చేశాడు. పెట్టె నెట్టడానికి చెయ్యి పైకి లేవక్కర్లేదు కదా, ఒంటి బరువంతా దాని మీద వేసి తోసేయడమే. కాళ్ల నరాలు తాళ్లలా ఉబ్బితే గోడకి జారబడి మళ్లీ లేచేవాడు.

ఆవిడ చెల్లెలు రెండు వీధుల అవతల ఉంటుంది. చూసిపోదామని వచ్చి ఈ వైభవం చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఆఫీసరమ్మ నీకేం పిల్లనివ్వడానికి రావట్లేదు బావా. ఈ ముస్తాబేంటి?"

"మనింటికొచ్చిన మనిషి ముడతల మీద కూర్చుంటుందా?"

"వాళ్లకి కావాల్సింది ముడతలే. మన కష్టం కనపడాలి. అక్కా, నువ్వైనా చెప్పవే."

ఆవిడ మంచం మీంచి అంది: "ఆయన్ని చేసుకోనీవే. మూడేళ్లకి మొదటిసారి మనిషి మొహాన కళ కనపడింది."

ఆఫీసరమ్మ వచ్చింది. మర్యాదస్తురాలు, చెప్పులు బయటే విప్పింది. గది చూసి "ఎంత బావుందో," అంది. మంచం మీద దుప్పటి పలకలా ఉంది. ఆయన అంచు నలగని చొక్కా తొడుక్కుని, చేతికర్ర మూలన దాచేసి, నిటారుగా నిలబడ్డాడు.

"ఇవన్నీ ఎవరు ఇస్త్రీ చేశారు పెద్దాయనా?"

"నేనేనమ్మా. ఇంకెవరు చేస్తారు?"

"ఎంతసేపు నిలబడగలరు?"

"ఎంతసేపైనా. యాభై రెండేళ్లు నిలబడే బతికాను."

"చేతులు, భుజాలు నొప్పులున్నాయా?"

"ఏవీ లేవమ్మా, దేవుడి దయ."

మంచం మీద ఆవిడ గొంతు సవరించుకుంది. ఆయన ఒక చూపు చూశాడు. యాభై ఏళ్ల కాపురంలో ఆయన అడిగినవే తక్కువ. పరాయి మనిషి ముందు పరువు తియ్యొద్దని ఆ చూపు అడిగింది. మాటల పుట్ట లాంటి మనిషి, నోరు మూసుకుంది. అన్నేళ్లలో ఆవిడ నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే. మూసుకోకూడని సమయమూ అదే.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. ఇరవై రెండు మార్కులు. "ఇంట్లో శక్తిగల మనిషి ఉన్నందున బయటి సాయం అవసరం లేదు."

ఆఖరి రోజున ఆ పిల్ల ఆవిడకి తలంటి, రెండు జడలల్లి, కళ్లు తుడుచుకుంటూ పోయింది. అప్పట్నుంచి ఆయనే. మొదటి వారం చెంబుతో నీళ్లు తెచ్చి మంచం మీదే తుడిచాడు. రెండో వారం, "ఒంటి మీద నీళ్లు పడి ఎన్నాళ్లయిందయ్యా," అని ఆవిడ అంటే, నడుం చుట్టూ తువ్వాలు కట్టి, ఆ కొసలు పట్టుకుని స్నానాల గదికి నడిపించాడు. గడప దగ్గర భుజం కలుక్కుమంది. ఇద్దరూ కింద పడ్డారు. మొదట ఇద్దరికీ నవ్వొచ్చింది. "నన్ను కింద పడేసిన మొగుడివి అనిపించుకున్నావు ఇన్నాళ్లకి," అందావిడ. గంట గడిచింది. తడి నేల చల్లదనం ఎముకల్లోకి ఎక్కింది. ఆయన లేవలేడు, ఆవిడని లేపలేడు. మధ్యాహ్నం చెల్లెలు వచ్చి తలుపు తోసేదాకా అలాగే ఉన్నారు.

చెల్లెలు ఊరుకునే రకం కాదు. మర్నాడే ఆఫీసుకి పోయి మళ్లీ చూడమని కాగితం పెట్టి, తిరిగొచ్చి నడుం బిగించింది.

"ఈసారి నేను చెప్పినట్టు చెయ్యి బావా. నాలుగు రోజులు దుప్పటి మార్చకు. గిన్నెలు తోమకు. గడ్డం గీసుకోకు. ఇస్త్రీ పెట్టె నేను పట్టుకుపోతున్నా, నీ మీద నాకు నమ్మకం లేదు."

"వాసనేస్తుందే."

"వెయ్యాలి. వాసనకే మార్కులు."

ఆ నాలుగు రోజులూ ఆయన చేతులు కట్టేసినట్టు కూర్చున్నాడు. ముడతలు చూడలేక గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఆవిడ, "ఒక్క నాలుగు రోజులు అసహ్యంగా ఉంటే ఏం పోతుంది? ఆ పిల్ల మళ్లీ వస్తే మూడు స్నానాలకి మురికంతా పోతుంది," అని ఆయన్ని ఊరుకోబెట్టింది.

ఈసారి మగ ఆఫీసరు వచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు. ముక్కు దగ్గర రుమాలు పెట్టుకుని, ప్రశ్నలు తక్కువ, ఫోటోలు ఎక్కువ తీసుకున్నాడు. మంచం, గిన్నెలు, ఆవిడ చిక్కుపడ్డ జుట్టు. ఆయన భుజం సంగతి చెప్పాడు, పడిపోయిన సంగతి చెప్పాడు. ఈసారి నిజమే చెప్పాడు. ఆఫీసరు తలూపుతూ అంతా రాసుకున్నాడు.

ఉత్తరం వచ్చింది. చెల్లెలు పైకి చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. ఆయన లాక్కుని మిగతాది తనే చదువుకున్నాడు. "రోగిని శుభ్రంగా ఉంచడం లేదు. ఇంట్లో ఆమెకి రక్షణ లేదు. పెద్దల ఇంటికి తరలించుటకు నిర్ణయించడమైనది."

ముసలివాళ్లని ఉంచే ఆ పెద్దల ఇల్లు ఊరి చివర ఉంది, రెండు బస్సులు మారాలి. ఆయన ఆఫీసుకి పరిగెత్తాడు. పంపనంటే ఏమవుతుందని అడిగాడు. మంచాన పడ్డ మనిషిని పట్టించుకోలేదని కేసు రాస్తామన్నారు. అయితే నన్ను కూడా అక్కడే పెట్టండి, ఒక మూల చాలు అన్నాడు. బల్ల అవతలి గుమాస్తా పాత కాగితం తీసి చూశాడు.

"మీకు మార్కులు రావు పెద్దాయనా. ఎంతసేపైనా నిలబడగలరని రాసుంది. భుజం నొప్పి లేదని మీరే చెప్పారు."

"అప్పుడు అబద్ధం చెప్పానయ్యా."

"మొన్న చెప్పింది నిజమని ఎలా అనుకోమంటారు? మురికి కూడా కావాలనే పెట్టారని పక్కింటివాళ్లు చెప్పారట."

పక్కింటివాళ్లు చెప్పింది అబద్ధం కాదు మరి.

బండి వచ్చిన పొద్దున ఆవిడ చెల్లెల్ని తిట్టలేదు, ఆయన్నీ తిట్టలేదు. ఇద్దరు మనుషులు కుర్చీతో సహా ఎత్తుతుంటే ఆయన మొహంలోకి చూసి అంది: "నువ్వు మరీ గట్టిగా ఉన్నావటయ్యా. పెళ్లిలో కూడా నిన్ను ఇంత మెచ్చుకున్నవాళ్లు లేరు."

ఆయన బండి దాకా కుర్చీ పిడి పట్టుకుని నడిచాడు. వాళ్లు వదలమనేదాకా వదల్లేదు.

వారానికోసారి ఎలాగో రెండు బస్సులూ ఎక్కి వెళ్లేవాడు. అక్కడ ఆవిడకి రోజూ స్నానమే. జుట్టు మాత్రం కత్తిరించేశారు, దువ్వడానికి మనుషులు చాలరట. నడిపించేవాళ్లు లేరు. నెల తిరిగేసరికి ఆవిడ కబుర్లు తగ్గాయి. రెండో నెలకి, "వచ్చావా," అని మాత్రం అనేది. ఆ నెలాఖర్లో ఆయన బస్సు మెట్టు దగ్గర జారి మోకాలు చెక్కుకున్నాక వెళ్లడం కూడా ఆగిపోయింది.

ఒక పొద్దున తలుపు చప్పుడైంది. తీస్తే ఆ పిల్ల. చేతిలో కాగితం.

"బాబాయ్, నీ పేరే రాసి పంపారు. ఇప్పుడు నువ్వు ఒంటరి పెద్దమనిషివి కదా, దానికే పన్నెండు మార్కులు కలిసి ముప్పై దాటాయి. వారానికి మూడు పొద్దులు."

ఆయన ఆ కాగితాన్ని పక్కకి నెట్టాడు.

"నన్ను మీ పిన్ని దగ్గరికి తీసుకెళ్లు. అది చాలు, ఇంకేం చెయ్యొద్దు."

ఆ పిల్ల తల దించుకుంది. "వీధి దాటించడం నా పనిలో లేదు బాబాయ్. తెలిస్తే తీసేస్తారు. ఊడవడం, వంట, అరగంట మాట్లాడటం, అంతే రాసిచ్చారు."

ఊడ్చింది. వండింది. తర్వాత ఎదురుగా కూర్చుని మాట్లాడించబోయింది. భోంచేశావా అంది, నిద్ర పడుతోందా అంది. ఆయన మంచం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇక ఆ పిల్ల కూడా ఊరుకుంది. అరగంటా అలాగే గడిచింది.

లేచి కాగితం ముందు పెట్టింది. "సాయం అందిందని సంతకం కావాలి బాబాయ్. నువ్వు పెట్టకపోతే నాకు ఈ రోజు జీతం రాదు."

ఆయన కలం తీసుకుని, కాగితాన్ని బల్ల మీద అరచేత్తో రెండుసార్లు చదును చేసి, సాయం అందిందని సంతకం పెట్టాడు.