చొక్కా మడతలో అట్ట

ఆ వీధిలో ఎవరి పొట్ట ఎంత పెరిగిందో ఇస్త్రీ అక్కకు తెలుసు. గుండీల దగ్గర సాగిన చొక్కాలే చెప్పేస్తాయి. ఎవరికి ఎంత ధైర్యముందో మాత్రం తెలియలేదు, తమ్ముణ్ణి పోలీసులు పట్టుకుపోయేదాకా.

తమ్ముడు సర్కారు ఆసుపత్రిలో కాంపౌండరు. మందులన్నీ ఎటు పోతున్నాయని పై అధికారిని అడిగాడు. అంతే, ఆ రోజుల్లో అడిగినవాళ్లందరిలాగే మాయమయ్యాడు. ఏ స్టేషనులో అడిగినా మాకు తెలియదన్నారు. ఎవరూ పట్టించుకోని మనిషిని వాళ్లిక వదలరని అక్క భయం. చొక్కా మడతల్లో పెట్టే అట్ట ఒకటి తీసి, "మా తమ్ముడెక్కడ?" అని రాసి, రోజూ సాయంత్రం ఐదింటికి వీధి మలుపులో నిలబడేది. జనం చూడనట్టే తప్పుకుపోయేవారు. కిటికీ తెరలు మాత్రం తెగ కదిలేవి.

నాలుగోరోజు అట్ట కనబడలేదు. బల్లంతా వెతికింది. అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున్న హడావిడిలో దాన్ని హెడ్ గుమస్తాగారి తెల్లచొక్కాలో పెట్టి మడిచి పంపేసింది. ఆయనా, సర్కారు మాట జవదాటని మనిషి. కాలరు మీద మరక కనిపిస్తే మూడు రోజులు సాధించే రకం. నా పని అయిపోయిందనుకుంది. అయినా ఐదింటికి ఉత్తచేతులతోనే వెళ్లి నిలబడింది.

గుమస్తాగారు వచ్చారు. ఒంటిమీద ఆ చొక్కానే, చేతిలో అట్ట.

"ఇది నా చొక్కాలో వచ్చిందమ్మా."

"పొరపాటైంది సార్. ఇలా ఇచ్చేయండి."

"ఉండనీ. నిన్న నువ్వొక్కదానివే నిలబడితే కిటికీలోంచి చూసి సిగ్గుపడ్డాను."

ఆయన పక్కన నిలబడి అట్ట ఎత్తి పట్టుకున్నారు.

అంతటి ఆయనే నిలబడ్డాక ఇంకెవరు ఆగుతారు? మర్నాడు పాలాయన, టీచరమ్మ వచ్చారు. వారం తిరిగేసరికి "నా చొక్కాలోనూ రాసిన అట్టే పెట్టక్కా" అని చెప్పి మరీ బట్టలిచ్చేవారు. పదోరోజుకి మలుపు నిండిపోయి బస్సు దారి మళ్లించాల్సి వచ్చింది. ఎందుకని ఊరంతా అడిగింది.

పన్నెండోరోజు తమ్ముడు వచ్చాడు, చిక్కి సగమై, నవ్వుతూ.

"మీ వీధితో తలనొప్పిగా ఉంది, పో అన్నారక్కా. లోపల ఇంకా పదకొండు మంది ఉన్నారు. వాళ్ల కోసం ఏ వీధీ నిలబడలేదు."

అక్క వాణ్ణి పట్టుకుని తనివితీరా ఏడ్చింది. తర్వాత గడియారం చూసింది. నాలుగున్నర.

"వాళ్ల పేర్లు చెప్పరా" అంటూ పదకొండు అట్టలు తీసింది.