సంగటి మీద పడిన నింద

కంపెనీకి నేను పెట్టిన ఐదు ఫిర్యాదులకు ఇంతవరకు జవాబు లేదు. నంద్యాలలో మా ఇంట్లో డిష్‌వాషర్ బిగించిన రోజు నుంచే మురికినీళ్లు బయటికి పోలేదు. బిగించినవాడే మళ్లీ వచ్చి, మూత కూడా తెరవకుండా, "మీరు రాగి సంగటి గిన్నెలు పెడతారు కదా, అందుకే పైపు పూడింది" అని మా ఆవిడ మొహం మీదే అనేసి పోయాడు. ఆ మాట నేను మరవలేదు.

చివరికి ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చాడు, పొలం మోటార్లు బాగుచేసే భాయ్. ఏ పైపునైనా ముందు నోటితో ఊది చూడటం ఆయన అలవాటు. మిషన్ వెనక పైపు విప్పి, తువ్వాలతో తుడిచి, బుగ్గలు పూరీల్లా పొంగేదాకా ఊదాడు.

"గాలే పోకపోతే నీళ్లు యాడ పోతాయప్పా?"

గోడలో దూర్చిన రెండో కొసను బయటికి లాగాడు. కొత్త పైపుకు వచ్చే ప్లాస్టిక్ బిరడా దానికి ఇంకా అట్లే ఉంది.

"నీ సంగటి తప్పేం లేదక్కా. బిగించినోడు రెండు ముద్దలు తినుంటే కండ్లన్నా కనపడిండేవి!"

బిరడా పీకి నా చేతిలో పెట్టి, పైపు మళ్లీ బిగించి స్విచ్ వేయగానే నీళ్లు బుడబుడమంటూ పోయాయి. మా ఆవిడ అందరికంటే ముందు భాయ్‌కి సంగటి వడ్డించి, ఆ గిన్నెనే మొదట మిషన్‌లో పెట్టింది.

బిరడా నా జేబులోనే ఉంది. ఆ మాట అన్నవాడు మా గడపలోకి వచ్చి, మా ఆవిడకు జవాబు చెప్పాలి.